ఉద్యోగం మారిన ఏడాది పన్ను కాగితాలు: రెండు డబ్ల్యూ-2ల కూడిక వేసేది మీరొక్కరే

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను. మీరు అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటారు. 2025 జూలై 25న పాత ఉద్యోగం వదిలి, ఆగస్టు 18న కొత్త దానిలో చేరారు. పాత 401(కె)లో, అంటే కంపెనీ ద్వారా విరమణ కోసం పొదుపు చేసే ఖాతాలో, ఉన్న 61,840 డాలర్లను కొత్త కంపెనీ 401(కె)కు మార్చుకున్నారు. పాత హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా పొదుపు చేసే ఖాతా) మూసేస్తే 3,260 డాలర్ల చెక్కు ఇంటికి వచ్చింది, దాన్ని 3 వారాల్లో కొత్త హెచ్‌ఎస్‌ఏలో వేశారు. ఇప్పుడు ఒక 1099-ఆర్ (401(కె)లోంచి బయటికి వెళ్లిన సొమ్ము చూపే ఫారం), ఒక 1099-ఎస్‌ఏ (హెచ్‌ఎస్‌ఏలోంచి వెళ్లింది చూపేది), రెండు డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, కోతలు చూపుతూ ఒక్కో కంపెనీ ఇచ్చేవి) ముందేసుకుని కూర్చుంటే సాఫ్ట్‌వేర్ దాదాపు 1,550 డాలర్ల అదనపు పన్ను చూపిస్తోంది. మీ శ్రీమతి ఏప్రిల్‌లో ఉద్యోగంలో చేరబోతున్నారు, వాళ్ల ఆఫీసులో ఎఫ్‌ఎస్‌ఏ (ఖర్చుల కోసం జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా) తీసుకోవాలా అన్నది చివరి ప్రశ్న.

నేను సీపీఏని, అంటే లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌ని, కాను. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఉద్యోగం చేస్తూ, పన్నుల కాలంలో శనివారాలు గ్రంథాలయంలో ఉచితంగా రిటర్నులు నింపిపెట్టేవాళ్లలో ఒకణ్ణి. మీలాంటి కాగితాల కట్ట ఏటా చాలా చూస్తాను. మీరు భయపడుతున్న కాగితాల్లో భయపడాల్సింది ఏమీ లేదు. అసలు సమస్యలు రెండూ మీరు అడగని చోట, ఆ డబ్ల్యూ-2లలో ఉన్నాయి.

మొదట 1099-ఆర్. బాక్స్ 1లో 61,840 అని చూడగానే ఎవరికైనా గుండె ఆగుతుంది. బాక్స్ 2ఏలో సున్నా ఉందా, బాక్స్ 7లో జి అక్షరం ఉందా చూడండి. జి అంటే డబ్బు మీ చేతికి రాకుండా ఒక ప్లాన్ నుంచి మరో ప్లాన్‌కు నేరుగా వెళ్లిందని. అసలు రిటర్ను ఫారం 1040లో పింఛన్ల వరుస 5ఏలో మొత్తం, 5బిలో సున్నా వస్తాయి, రోల్ఓవర్ (ఒక ఖాతా నుంచి అలాంటి మరో ఖాతాకు మార్పు) అని గుర్తు పడుతుంది. పన్ను లేదు. అయితే పన్ను లేదు కదా అని ఆ ఫారాన్ని పక్కన పడేయకండి. దాని నకలు అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు చేరింది. మీ రిటర్నులో అది కనిపించకపోతే ఏడాదిన్నర తరువాత ఉత్తరం వస్తుంది, అప్పుడు జవాబు రాసుకుంటూ కూర్చోవాలి.

మీకు ఈ 401(కె) చెక్కు కూడా ఇంటికే వచ్చిందని రాశారు. కంగారు లేదు, చాలా ప్లాన్లు అలాగే పంపుతాయి. చెక్కు ఎవరి పేరు మీద ఉందన్నదే ముఖ్యం. కొత్త ప్లాన్ పేరు, దాని పక్కన ఎఫ్‌బీఓ (‘ఫలానావారి కోసం’ అని), ఆ తరువాత మీ పేరు ఉంటే అది నేరు బదిలీయే. మీరు తపాలా మనిషి పని మాత్రమే చేశారు. వట్టి మీ పేరే ఉంటే కథ వేరు. నేను మొదటిసారి ఉద్యోగం మారినప్పుడు ఫోనులో ఆ అమ్మాయి ‘చెక్కు మీకు పంపమంటారా’ అంటే సరే అన్నాను. ఖాతాలో 21,000 డాలర్లు ఉన్నాయి. వచ్చిన చెక్కు 16,800. మిగతా 4,200 చట్ట ప్రకారం పన్ను కింద 20 శాతం ముందే పట్టుకున్నారు. 60 రోజుల్లోపు మొత్తం 21,000 కొత్త ఖాతాలో వేయాలి, అంటే పట్టుకున్న 4,200 నా జేబులోంచి తెచ్చి వేయాలి, ఆ సొమ్ము రిటర్ను వేశాక వెనక్కి వస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు. చేతికొచ్చింది వేసి ఊరుకున్నాను. ఆ 4,200 మీద మామూలు పన్ను, 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి మరో 10 శాతం, 420 డాలర్లు. ఇప్పటికీ ఎవరైనా ‘చెక్కు ఇంటికి రమ్మన్నాను’ అంటే ముందు ఆ చెక్కు ఫొటో చూపించమంటాను.

కొత్త కంపెనీ ప్లాన్‌లోకే మార్చుకోవడం మంచి పని. మీ జీతానికి నేడో రేపో రోత్ ఐఆర్‌ఏలో (పన్ను కట్టిన సొమ్ము వేసుకునే సొంత విరమణ ఖాతా) నేరుగా వేసే అర్హత పోతుంది, అప్పుడు అందరూ చెప్పే దొడ్డిదారి రోత్ వైపు, అంటే సాధారణ ఐఆర్‌ఏలో వేసి రోత్‌కు మార్చుకోవడం వైపు, చూస్తారు. పాత 401(కె) సొమ్ము సాధారణ ఐఆర్‌ఏలో కూర్చుని ఉంటే, డిసెంబర్ 31 నాటి మీ ఐఆర్‌ఏ నిల్వలన్నీ కలిపి నిష్పత్తి కట్టి 8606 ఫారంలో ఆ మార్పిడి మీద పన్ను వేస్తారు. మీకు ఆ బెడద లేదు.

ఇప్పుడు 1099-ఎస్‌ఏ. మీకు 1,550 చూపిస్తున్నది ఇదే. బాక్స్ 1లో 3,680 ఉందన్నారు, చెక్కు 3,260కే వచ్చిందని ఆశ్చర్యపోయారు. తేడా 420 ఎక్కడిదో కార్డు స్టేట్‌మెంట్ చూసుకోండి. ఆగస్టులో పళ్ల డాక్టరు దగ్గర హెచ్‌ఎస్‌ఏ కార్డు గీశానని మీ ప్రశ్నలోనే ఒక మూల రాశారు, అదే అయి ఉండాలి. ఆ నెల మీకు బీమా లేదు కదా, వాడొచ్చా అని సందేహం వద్దు. హెచ్‌ఎస్‌ఏలో వేయడానికి బీమా అర్హత కావాలి కానీ, ఉన్నది ఖర్చు పెట్టుకోవడానికి అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఇదంతా వైద్యానికే ఖర్చు పెట్టారా’ అని. మీరు నిజాయతీగా కాదన్నారు. వెంటనే అది 3,680 మొత్తాన్నీ ఆదాయంలో కలిపి 22 శాతం పన్ను, పైన 20 శాతం జరిమానా వేసింది. దాని తప్పు లేదు, అది సగం కథే విన్నది. ఆ తెర తరువాత ‘ఇందులో కొంత మరో హెచ్‌ఎస్‌ఏలో వేశారా’ అన్న ప్రశ్న ఎక్కడో ఉంటుంది, వెతకండి. హెచ్‌ఎస్‌ఏ లెక్కలు చూపే 8889 ఫారం తెరిచి చూస్తే ఇలా ఉండాలి: 14ఏలో 3,680, 14బిలో 3,260, 14సిలో 420, వైద్య ఖర్చు వరుస 15లో 420, పన్ను పడే వరుస 16లో సున్నా. అంతే, ఆ 1,550 మాయమవుతుంది.

ఇలా చెక్కు చేతికి తీసుకుని 60 రోజుల్లో వేసే రోల్ఓవర్ 12 నెలలకు ఒక్కసారే కుదురుతుంది. ఇకపై హెచ్‌ఎస్‌ఏ మార్చేటప్పుడు కొత్త సంస్థకే చెప్పి వాళ్లనే పాత సంస్థ నుంచి తెప్పించుకోమనండి. ఆ బదిలీకి లెక్క పరిమితి లేదు, రిటర్నులో రాయాల్సిన పనీ లేదు.

ఇక మీరు అడగనివి. రెండు డబ్ల్యూ-2లనూ పక్కపక్కన పెట్టి బాక్స్ 12 చూడండి. మీరు పంపిన అంకెల ప్రకారం పాతదానిలో డి అక్షరం ఎదురుగా 15,200, కొత్తదానిలో 10,000. కలిపితే 25,200. జీతంలోంచి మీరు 401(కె)కు వేసుకునే సొమ్ముకు 50 ఏళ్లలోపు వారికి 2025 పరిమితి 23,500. ఈ పరిమితి కంపెనీకి కాదు, మనిషికి. పాత కంపెనీ తన లెక్కలో తప్పు చేయలేదు, కొత్త కంపెనీ కూడా చేయలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కొత్త చోట చేరినప్పుడు మానవ వనరుల విభాగం ఇచ్చే కాగితాల్లో ‘ఈ ఏడాది ఇంతకుముందు ఎంత వేశారు’ అనే గడి ఒకటి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసే వాళ్లే ఎక్కువ, మీరూ వదిలేసినట్టున్నారు.

1,700 ఎక్కువైంది. దీన్ని 2026 ఏప్రిల్ 15లోపు వెనక్కి తీయాలి. రిటర్నుకు అక్టోబర్ దాకా పొడిగింపు తీసుకున్నా ఈ గడువు పొడిగించరు. అందుకే ఈ పని రేపే మొదలుపెట్టమంటున్నాను. కొన్ని ప్లాన్లు తమ సొంత గడువు మార్చిలోనే పెట్టుకుంటాయి. కొత్త ప్లాన్‌కు ఫోన్ చేసి ‘రెండు కంపెనీల్లో కలిపి పరిమితి దాటాను, అధిక మొత్తాన్ని దాని లాభంతో సహా వెనక్కి ఇవ్వండి’ అని అడగండి. మామూలు విత్‌డ్రాయల్ ఫారం మాత్రం నింపకండి. అది వేరే, దాని మీద 10 శాతం పడుతుంది. పాత ప్లాన్‌నూ అడగొచ్చు కానీ అక్కడి ఖాతా మీరు ఖాళీ చేశారు కాబట్టి కొత్త చోటే సులువు. వాళ్లకు పాత డబ్ల్యూ-2 నకలు కావాలి, సిద్ధంగా ఉంచుకోండి.

పన్ను సంగతి: ఆ 1,700 మీ 2025 ఆదాయమే, చెక్కు ఇంకా రాకపోయినా ఈ రిటర్నులోనే జీతం కింద కలపాలి. 22 శాతం చొప్పున 374 డాలర్లు. దాని మీద వచ్చిన లాభం మాత్రం 2026 ఆదాయం. ఏప్రిల్ 15 దాటనిస్తే అదే సొమ్ముకు ఈ ఏడాది ఒకసారి, ఎప్పుడో ఖాతాలోంచి తీసుకున్నప్పుడు మరోసారి, రెండుసార్లు పన్ను కట్టాలి. చట్టంలో నాకు అన్యాయం అనిపించే మూలల్లో ఇదొకటి.

అదే బాక్స్ 12లో హెచ్‌ఎస్‌ఏ జమను చూపే డబ్ల్యూ అక్షరం చూడండి. పాతది 5,400, కొత్తది 3,750, మొత్తం 9,150. ఇందులో కంపెనీ వేసిందీ మీ జీతంలోంచి పోయిందీ రెండూ కలిసే ఉంటాయి. ఇక్కడ నేను అన్నింటికంటే ఎక్కువగా చూసే పొరపాటు, జీతంలోంచి పోయిన సొమ్మును ‘నేను వేసింది’ అనుకుని 8889 రెండో వరుసలో మళ్లీ రాయడం. అలా చేస్తే ఒకే సొమ్ముకు రెండు రాయితీలు తీసుకున్నట్టు, పరిమితి రెట్టింపు దాటినట్టు కనిపిస్తుంది. రెండో వరుస మీరు బ్యాంకు నుంచి సొంతంగా పంపినదానికే. మీది సున్నా. 9,150 మొత్తం తొమ్మిదో వరుసలో ఉండాలి.

కుటుంబ బీమా ఉన్నవారికి 2025 పరిమితి 8,550. అంటే 600 ఎక్కువ. అయితే మీ విషయంలో 8,550 కూడా నిబంధనతో కూడినదే. పాత బీమా జూలై 31తో ఆగింది, కొత్తది సెప్టెంబర్ 1న మొదలైంది. అర్హతను నెల మొదటి తేదీన చూస్తారు. ఆగస్టు 1న మీకు హై డిడక్టిబుల్ ప్లాన్ (మొదట పెద్ద మొత్తం మీరే భరించాల్సిన బీమా, హెచ్‌ఎస్‌ఏ అర్హత దీనితోనే వస్తుంది) లేదు, కాబట్టి 11 నెలల లెక్కన మీ పరిమితి 7,837.50. ఆగస్టుకు కోబ్రా (ఉద్యోగం వదిలాక సొంత ఖర్చుతో పాత బీమా కొనసాగించుకునే ఏర్పాటు) తీసుకుని ఉంటే ఈ చిక్కే లేదు. దీన్నుంచి బయటపడే దారి ‘చివరి నెల నియమం’: డిసెంబర్ 1న అర్హత ఉంటే ఏడాదంతా ఉన్నట్టే లెక్కిస్తారు, మీకు ఉంది. బదులుగా 2026 డిసెంబర్ 31 దాకా ఆ అర్హత పోకుండా చూసుకోవాలి. మధ్యలో పోతే తేడా 712.50 డాలర్లు 2026 ఆదాయంలో కలుస్తుంది, దాని మీద 10 శాతం అదనం.

మీ శ్రీమతి ఎఫ్‌ఎస్‌ఏ ప్రశ్న ఇక్కడ వచ్చి తగులుతుంది. ఆవిడ మామూలు వైద్య ఎఫ్‌ఎస్‌ఏ తీసుకుంటే ఆ డబ్బు మీ ఖర్చులకూ వాడుకోవచ్చు కాబట్టి, మీరు ఒక్క డాలరు వాడకపోయినా, మీ హెచ్‌ఎస్‌ఏ అర్హత ఆ నెల నుంచే పోతుంది. 712.50 సంగతి అటుంచి, ఆ తరువాత మీ జీతంలోంచి వెళ్లే ప్రతి హెచ్‌ఎస్‌ఏ వాయిదా అధికమే అవుతుంది. ‘ఏడాదికి వెయ్యి డాలర్లే కదా పెట్టాం’ అంటూ ఇలాంటి కాగితాలతో వచ్చిన దంపతులను చాలామందిని చూశాను. ఆవిడ ఆఫీసులో పళ్లకూ కళ్లకూ మాత్రమే పనికొచ్చే పరిమిత ఎఫ్‌ఎస్‌ఏ ఉందేమో అడగమనండి, అది తీసుకుంటే ఇబ్బంది లేదు. పిల్లల సంరక్షణ ఎఫ్‌ఎస్‌ఏ కూడా దీనికి అడ్డు రాదు. ఆవిడ బీమా మీకూ కలిపి తీసుకుంటే, అది హై డిడక్టిబుల్ ప్లాన్ కాకపోతే అక్కడా ఇదే ప్రమాదం.

600 ఏం చేయాలి? హెచ్‌ఎస్‌ఏ సంస్థ వెబ్‌సైట్‌లో అధిక జమ వెనక్కి తీసుకునే ఫారం విడిగా ఉంటుంది. రిటర్ను గడువులోపు 600ను, దాని మీద వచ్చిన లాభంతో కలిపి తీసేయండి. ఆ 600 మీ డబ్ల్యూ-2 బాక్స్ 1 జీతంలో కలవలేదు కాబట్టి 2025లో ఇతర ఆదాయంగా చూపాలి, 132 డాలర్ల పన్ను. తీయకుండా వదిలేస్తే 5329 ఫారంలో 6 శాతం జరిమానా పన్ను, అంటే 36 డాలర్లు, అది ఖాతాలో అధికంగా ఉన్నంత కాలం ఏటా. 2026లో 8,750కి బదులు 8,150 మాత్రమే వేసి సర్దుకోవడమూ చట్టబద్ధమే. 36 డాలర్ల కోసం ఫోన్లో గంట ఎదురుచూడటం ఎందుకని కొందరు అదే చేస్తారు. 2026 అర్హత మీద అనుమానం ఉన్న మీకు మాత్రం ఆ దారి వద్దంటాను. తీసేయండి.

ఒక మంచి మాట కూడా ఉంది, అదీ మీరు చూసుకోలేదు. రెండు డబ్ల్యూ-2ల బాక్స్ 4లు కలపండి. పాతది 6,944, కొత్తది 4,650, మొత్తం 11,594. అక్కడ ఉండేది సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) పన్ను, 2025లో అది 176,100 డాలర్ల జీతం దాకానే, అంటే గరిష్ఠంగా 10,918.20. ఇక్కడా రెండు కంపెనీలూ ఎవరి లెక్క వాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాయి. మీకు 675.80 వెనక్కి వస్తుంది, 1040కు జతచేసే షెడ్యూల్ 3లో కనిపిస్తుంది. రెండు డబ్ల్యూ-2లూ సరిగ్గా ఎక్కిస్తే సాఫ్ట్‌వేరే పట్టుకుంటుంది. 374, 132 కలిపి 506. అవి కట్టినా ఇంకా మీకే మిగులు. న్యూజెర్సీలో నిరుద్యోగ, వైకల్య, కుటుంబ సెలవు కోతలకూ ఇలాగే ఉంటుంది. రెండు యజమానుల దగ్గర ఎక్కువ పోయి ఉంటే ఎన్‌జే-2450 ఫారంతో అడగాలి.

న్యూజెర్సీ మాట వచ్చింది కాబట్టి: ఆ రాష్ట్రం, కాలిఫోర్నియా హెచ్‌ఎస్‌ఏను గుర్తించవు. ఫెడరల్‌కు పన్ను లేని మీ 9,150 న్యూజెర్సీకి మామూలు జీతమే. అందుకే మీ డబ్ల్యూ-2లో రాష్ట్రం లెక్క జీతం చూపే బాక్స్ 16 అంకె బాక్స్ 1 కంటే పెద్దదిగా ఉంటుంది, తప్పు పడిందనుకుని దాన్ని దిద్దకండి. రెండూ సమానంగా ఉంటే మాత్రం కంపెనీ జీతాల విభాగాన్ని అడగాల్సిందే. హెచ్‌ఎస్‌ఏలో షేర్లు కొని పెట్టుకుంటే ఆ డివిడెండ్లూ రాష్ట్రానికి చూపాలి, వాటికి ఎవరూ 1099 పంపరు, మీరే స్టేట్‌మెంట్ చూసి రాసుకోవాలి.

మనవాళ్లు తప్పకుండా అడిగేది ఒకటుంది, మీరు అడగకముందే చెబుతాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు విజయవాడలో మీ పంటికి రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ బిల్లు హెచ్‌ఎస్‌ఏ నుంచి తీసుకోవచ్చు. వైద్యం ఏ దేశంలో జరిగిందన్నది అడ్డు కాదు. ఊళ్లో ఉండే అమ్మగారి కంటి ఆపరేషన్‌కు మాత్రం తీసుకోకూడదు. డబ్బు మీరే పంపినా, అమెరికా పౌరులు కాని, భారతదేశంలో ఉండే తల్లిదండ్రులు అమెరికా పన్ను చట్టం కింద మీ మీద ఆధారపడినవారిగా లెక్కకు రారు. అలా తీస్తే అది వైద్యేతర ఖర్చే, 20 శాతం జరిమానాతో.

రసీదులు రిటర్నుతో పంపక్కర్లేదు, అడిగితే చూపించాలి. ఆ పళ్ల డాక్టరు 420 రసీదు వేడికి నల్లబడే కాగితం అయితే ఈ రోజే ఫొటో తీసుకోండి. నా దగ్గర బిస్కెట్ డబ్బాలో దాచినవి నాలుగేళ్లకు తెల్ల కాగితాలయ్యాయి, ఏది మందుల షాపుదో ఏది కిరాణా కొట్టుదో కూడా తెలియలేదు.

రిటర్ను వేశాక మే నెలాఖరులోపు, హెచ్‌ఎస్‌ఏలోకి వచ్చిన జమలు చూపే 5498-ఎస్‌ఏ ఫారం వస్తుంది. కొత్త సంస్థ పంపిన దానిలో బాక్స్ 4లో 3,260 ఉందో లేదో చూడండి, మీరు రోల్ఓవర్ చేశారనడానికి అదే సాక్ష్యం. మామూలు జమగా రాసి ఉంటే వెంటనే దిద్దించండి, లేకపోతే మీరు పరిమితి ఇంకో మూడు వేలు దాటినట్టు ఐఆర్‌ఎస్‌కు కనిపిస్తుంది. 2027 జనవరిలో 1,700కు మరో 1099-ఆర్ వస్తుంది, బాక్స్ 7లో పి అని ఉంటుంది. ఆ సొమ్ముకు ఈ రిటర్నులోనే పన్ను కట్టేశారు. అప్పటికి మరిచిపోతారు, కాబట్టి ఈ ఏడాది ఫైలు పైన ఒక చీటీ అంటించి పెట్టుకోండి.